రైన్ ఒడ్డున గడువు

"మావయ్యా, ఈ ట్రామెక్కితే నాకు గాజువాక బస్సెక్కినట్టుంటుంది" అన్నాడు మా మేనల్లుడు, కిటికీ పక్క సీటు నాకు వదిలిపెట్టి. డ్యూస్‌బర్గ్ రైల్వే స్టేషన్ కింద భూగర్భంలో ఆగే 903 నంబరు ట్రామ్ అది. కాసేపటికి సొరంగం దాటి వెలుతురులోకి వచ్చింది. బయట సన్నగా ముసురు పడుతోంది. తడిసిన ఇటుక ఇళ్లు, పసుపు తిరిగిన చెట్లు, వాటి వెనక ఒక పొగగొట్టం, దాని వెనక ఇంకొకటి. మా విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం మీదుగా గాజువాక వెళ్లే దారి కళ్లముందు కదిలింది.

దీపావళి వెళ్లి రెండు రోజులైంది. 2025 అక్టోబరు. మా చెల్లెలి కొడుకు ఇక్కడి డ్యూస్‌బర్గ్-ఎస్సెన్ విశ్వవిద్యాలయంలో మెటలర్జీ చదువుతున్నాడు. చెల్లి కట్టిచ్చిన అరిసెలు, కందిపొడి సూట్‌కేసులో పెట్టుకొని వాణ్ని చూడటానికని వచ్చాను. ఇంట్లో చెప్పిన కారణం అది. నాకు ఇంకొక కారణం ఉంది.

నేను విశాఖపట్నం రేవులో ఎగుమతి సరుకుల పత్రాలు తయారుచేసే కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. షిప్పింగ్ బిల్లు, ప్యాకింగ్ లిస్టు, ఆరిజిన్ సర్టిఫికెట్, ఇవన్నీ పాతికేళ్లుగా చేతికి అలవాటైన కాగితాలు. 2023 అక్టోబరు నుంచి వాటి పక్కన ఒక కొత్త ఫారం చేరింది. యూరప్‌లో ఉక్కు కొనేవాళ్లు మన మిల్లులవాళ్లను ఒక సంఖ్య అడగడం మొదలుపెట్టారు. ఈ టన్ను ఉక్కు తయారయ్యేసరికి ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలో కలిసింది? మూడు నెలలకోసారి ఆ లెక్క అక్కడ దాఖలు చేయాల్సి వచ్చేది. యూరోపియన్ యూనియన్ తన సరిహద్దులో పెట్టిన ఈ ఏర్పాటును మా లైన్లో అందరూ సీబామ్ అంటారు. మొదట్లో లెక్క చెబితే సరిపోయింది. 2026 జనవరి 1 నుంచి వెళ్లే సరుకుకు డబ్బు కూడా కట్టాలి. ఆ ఒక్క సంఖ్య ఎలా తేల్చాలో తెలియక చిన్న మిల్లుల యజమానులు మా బల్ల ముందు కూర్చుని తల పట్టుకోవడం చూశాను. మనల్ని ఇంత నిలదీస్తున్నవాళ్లు తమ ఇంట్లో కాగే ఉక్కును ఏమడుగుతున్నారు? అది చూడాలని ఉండేది.

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. ఆయన విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ కర్మాగారం కోసం ఖాళీ అయిన 64 ఊళ్లలో మాదొకటి. జీడితోట, కాస్త పల్లపు భూమి ఇచ్చాక చేతికొచ్చిన నిర్వాసితుల ఆర్ కార్డు మీద దొరికిన ఉద్యోగమది. నేను జర్మనీ వెళ్తున్నానంటే "ఫర్నేసుల దగ్గరికి వెళ్తావా?" అని ఒక్క మాటే అడిగాడు.

లాండ్‌షాఫ్ట్స్‌పార్క్ అనే స్టాపులో దిగాం. ఒకప్పుడు అది మైడెరిష్ ఇనుప కర్మాగారం. 1903లో మొదలైంది, 1985 ఏప్రిల్‌లో ఆరిపోయింది. దాన్ని తుక్కు కింద అమ్మేయకుండా అలాగే నిలబెట్టి, పీటర్ లాట్జ్ అనే రూపశిల్పి ఆలోచన ప్రకారం చుట్టూ తోట పెంచారు. 1994లో జనానికి తెరిచారు. పాత గ్యాస్ ట్యాంకును నీళ్లతో నింపి అందులో డైవింగ్ నేర్పుతున్నారు. ఖనిజం నిల్వచేసిన కాంక్రీటు గోడల మీదికి పిల్లలు నడుముకు తాళ్లు బిగించుకొని ఎగబాకుతున్నారు. మేము ఐదో నంబరు ఫర్నేసు మీదికి ఇనుప మెట్లెక్కాం. సుమారు 70 మీటర్ల ఎత్తు. ముసురుకు మెట్లు జారుతున్నాయి. సగం దారిలో కాస్ట్ హౌస్ దగ్గర ఆగాను. కరిగిన ఇనుము పారిన కాలువలు ఇంకా ఇసుకరంగులో ఉన్నాయి. ట్యాప్ హోల్ చుట్టూ తుప్పు. దాని మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆరనివ్వరని చిన్నప్పటినుంచి విన్నవాణ్ని. పక్కవాళ్లు ఫోటోలు దిగుతుంటే నాకు మాత్రం చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఈ ఐదో ఫర్నేసును కట్టింది 1973లో. అంటే పన్నెండేళ్లు కూడా సరిగా నడవలేదు. పాతబడి ఆగలేదు. ఎనభైల్లో యూరప్‌లో ఉక్కు అవసరానికి మించి తయారైంది. ఏ దేశం, ఏ కంపెనీ ఎంత చేయాలో కోటాలు పెట్టారు. ఆ కోటాల లెక్కలో ఇది బలి అయింది. ఉక్కుకు సంబంధించిన రూలు మారితే ఏం జరుగుతుందో ఈ ఊరివాళ్లకు ఎవరూ పుస్తకంలో చదివి చెప్పనక్కర్లేదు.

పైకెక్కాక మా మేనల్లుడు వాయవ్యంగా చెయ్యి చాపాడు. మబ్బుల్లో మబ్బులా కలిసిపోయి బతికున్న కర్మాగారం కనిపించింది. టిస్సెన్‌క్రుప్ వాళ్లది. యూరప్‌లో అంత పెద్ద ఉక్కు కర్మాగారం మరొకటి లేదు. జర్మనీ మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు 2.5 శాతం అదొక్కటే వదులుతుంది. ఏడాదికి దాదాపు 2 కోట్ల టన్నులు.

"ఎందుకంత వస్తుందో నీకు తెలుసుగా మావయ్యా" అంటూనే వాడు మెటలర్జీ విద్యార్థిలా చెప్పడం మొదలుపెట్టాడు. ఇనుప ఖనిజమంటే ఇనుమూ ఆక్సిజనూ గట్టిగా పట్టుకొని ఉన్న రాయి. ఆ ఆక్సిజన్‌ను ఇనుము నుంచి ఊడబెరకాలి. ఆ పని బొగ్గు నుంచి తీసిన కోక్‌లోని కార్బన్ చేస్తుంది. ఆక్సిజన్‌ను తనతో కలుపుకొని కార్బన్ డయాక్సైడై పోతుంది. వేడి కోసం మాత్రమే బొగ్గు కాలిస్తే వేరే ఇంధనం వెతుక్కోవచ్చు. ఇక్కడ బొగ్గు కూడా పనివాడే. వాణ్ని తీసేస్తే ఆ పనికి ఇంకొకణ్ని పెట్టాలి. హైడ్రోజన్‌ను పెడితే ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కాని పొగ లేకుండా తీసిన హైడ్రోజన్ చాలా ఖరీదు, అంత మొత్తంలో దొరకడమూ కష్టం. అందుకే బ్లాస్ట్ ఫర్నేసు దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడు ఇప్పటికీ పోతూనే ఉంది. మన దేశపు సగటు ఇంకా ఎక్కువ, రెండున్నర టన్నులు.

యూరప్ 2005లో ఈ పొగకు ధర పెట్టింది. టన్నుకో పర్మిట్. వదిలినన్ని టన్నులకు పర్మిట్లు చూపించాలి, లేకపోతే కొనాలి. 2017లో టన్ను అయిదు యూరోలకే దొరికింది. 2023 ఫిబ్రవరిలో వంద దాటింది. నేను వెళ్లిన ఆ అక్టోబరులో 80కి దగ్గర్లో ఉంది. రెండు టన్నులకు 160 యూరోలు. టన్ను హాట్ రోల్డ్ కాయిల్ 600 యూరోలకు అటూ ఇటూ పలికే రోజుల్లో ఈ భారం మోస్తే ఏ మిల్లూ నిలవదు. డ్యూస్‌బర్గ్ కర్మాగారం తన రెండు కోట్ల టన్నులకూ కొనాల్సివస్తే ఏడాదికి 160 కోట్ల యూరోలవుతాయి.

కాని అన్నీ కొనాల్సిన పని పడలేదు. ఈ విషయం మన దగ్గర చాలామందికి తెలియదు. ఉక్కు, సిమెంటు, ఎరువులు, గాజు లాంటి పరిశ్రమలకు మొదటి రోజు నుంచీ పర్మిట్లు దాదాపు ఉచితంగానే ఇస్తూ వచ్చారు. ధర భరించలేక ఫర్నేసులు వేరే దేశానికి పోతే ఇక్కడ ఉద్యోగాలూ పోతాయి, అక్కడ పొగా పెరుగుతుంది, ఎవరికీ లాభం లేదు. దీన్ని వాళ్లు కార్బన్ లీకేజీ అంటారు. ఉచితమంటే అడిగినంత కాదు. యూరప్‌లోని ఫర్నేసుల్లో అన్నిటికంటే శుభ్రంగా నడిచే పదో వంతు తీసుకొని, వాటి సగటును కొలబద్దగా పెట్టారు. 2021 నుంచి 2025 దాకా టన్ను ద్రవ ఇనుముకు 1.288 పర్మిట్లు. అంతకంటే ఎక్కువ వదిలితే ఆ పైది మాత్రం కొనుక్కోవాలి. చాలా పద్ధతిగా ఉంది కదా అనిపిస్తుంది. కాని 2008 తర్వాత మాంద్యం వచ్చి ఉక్కు తయారీ పడిపోయినప్పుడు కూడా కోటాలు పాత ఉత్పత్తి లెక్క మీదే వచ్చాయి. వాడగా మిగిలిన పర్మిట్లు చాలా కంపెనీల చేతిలో పోగుపడ్డాయి. పొగకు ధర కట్టాల్సినవాళ్లకు ఆ ధరే ఆస్తిగా మారింది.

2026 నుంచి ఆ ఉచితం తగ్గుతూ పోతుంది. 2026లో రెండున్నర శాతం కోత. 2030 నాటికి 48.5 శాతం. 2034కు పూర్తిగా సున్నా. మొదట మెల్లగా, 2030 దగ్గర నిట్టనిలువు మెట్లలా. పరిశ్రమ అడుగుతున్న సడలింపులన్నీ ఈ నిట్టనిలువు మెట్ల చుట్టూనే తిరుగుతున్నాయి. కోత వేగం తగ్గించండి, ఎగుమతి చేసే ఉక్కుకు వేరే ఊరట ఇవ్వండి, కొలబద్దను ఇంకాస్త కిందికి దించకండి అని.

మధ్యాహ్నం నదివైపు వెళ్లాం. రైన్ మీద హోఖ్‌ఫెల్డ్ నుంచి రైన్‌హౌజెన్‌కు ఒక ఇనుప వంతెన ఉంది. దాని పేరు సంఘీభావ వంతెన అని చెప్పుకోవచ్చు, కార్మికుల ఐక్యత అనే అర్థంలో. 1987 చివర్లో రైన్‌హౌజెన్‌లోని క్రుప్ ఉక్కు కర్మాగారం మూసేస్తామన్న వార్త వచ్చినప్పుడు కార్మికులు ఈ వంతెనను దిగ్బంధం చేశారు. పోరాటం 160 రోజులు నడిచింది. ఆడవాళ్లు, బడిపిల్లలు, చర్చి పెద్దలు, పక్కూరి కార్మికులు అందరూ కదిలారు. ఆ పేరు ఆ రోజుల్లో వచ్చిందే. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన నేల నుంచి వచ్చినవాణ్ని. ఆ వంతెన మీద నడుస్తుంటే కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఉక్కు ప్రైవేటీకరణ వద్దంటూ 2021 నుంచి టెంటు కింద కూర్చున్న మనుషులు గుర్తొచ్చారు. అక్కడ ఒక్కసారి కూర్చుని వచ్చిన నాకు ఆ కుర్చీల వరస ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

వంతెన దిగాక ఒక మూల కొట్టుంది. మన కిళ్లీ కొట్టంత. కాఫీ, పేపర్లు, సిగరెట్లు, చాక్లెట్లు. ఈ రూర్ ప్రాంతంలో పేటకో కొట్టు ఇలాంటిది ఉంటుంది. కాఫీ తాగుతున్న ఒకాయన మా మాటలు విని మీదే దేశమని అడిగాడు. ఇండియా అనగానే "మమ్మల్ని కొంటామంటున్నది మీవాళ్లేగా" అన్నాడు. అంతకు నెల ముందే జిందాల్ స్టీల్ ఇంటర్నేషనల్ టిస్సెన్‌క్రుప్ ఉక్కు విభాగాన్ని కొంటామని ముందుకొచ్చింది. అంతకుముందు టాటాలతో కలపాలన్న ప్రయత్నాన్ని 2019లో యూరోపియన్ కమిషన్ ఆపేసింది. ఆయనకు అన్నీ తెలుసు. 1987లో ఇరవై నాలుగేళ్ల కుర్రాడట, ఆ దిగ్బంధంలో ఉన్నాడట. తర్వాత ఉత్తరాన ఉన్న కర్మాగారంలో రిటైరయ్యాడు. ఇప్పుడు కొడుకు అక్కడే. 2024 నవంబరులో కంపెనీ 11,000 ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పినప్పటినుంచీ ఇంట్లో వేరే మాట లేదన్నాడు.

కార్బన్ ధర సడలించాలంటారా అని అడిగించాను. మా మేనల్లుడు తర్జుమా చేశాడు. ఆయన కాసేపు నది వైపు చూశాడు. సడలించకపోతే తన కొడుకు ఉద్యోగం ఉండదన్నాడు. వెంటనే, అప్పుడు మాకూ గడువిచ్చారన్నాడు. 1988 మేలో రాజీ కుదిరింది. ఒక ఫర్నేసు ఇంకొన్నాళ్లు నడుస్తుందన్నారు. 1993 ఆగస్టులో అదీ ఆగింది. ఆ అయిదేళ్లలో అక్కడ ఇంకేం కట్టాలో ఎవరూ కాగితం మీద పెట్టలేదని, పెట్టి ఉంటే తను గడువునే విజయమనుకునేవాడినని అన్నాడు. ఆ కర్మాగారం నేల మీద ఇప్పుడు లాజిస్టిక్స్ పార్కు ఉంది. వరసగా గోడౌన్లు, కంటైనర్లు. నా ఉద్యోగానికి దగ్గరి పని అదే. అయినా గోడౌనులో పెట్టెలు మోసే జీతానికీ ఫర్నేసు జీతానికీ ఉన్న తేడా నాకు తెలుసు.

ఆయన మాట నన్ను వదల్లేదు.

సాయంత్రానికి 901 ట్రామ్‌లో బ్రుక్‌హౌజెన్ మీదుగా మార్క్స్‌లో పేటకు వెళ్లాం. ట్రామ్ కర్మాగారం గోడను రాసుకుంటూ పోతుంది. లావుపాటి పైపులు రోడ్డు మీదుగా దాటుతుంటాయి. గోడకూ ఇళ్లకూ మధ్య పొడుగ్గా ఒక పచ్చని మైదానం కనిపించింది. పార్కు అనుకున్నాను. ఒకప్పుడు అక్కడ వీధులు వీధులుగా ఇళ్లుండేవి. కర్మాగారానికి మరీ దగ్గరగా ఉన్నాయని కూల్చి, మట్టి కట్ట పోసి, గడ్డి పెంచారు. ఆ గడ్డి మీద ఒకావిడ కుక్కను తిప్పుతోంది. మనుషుల్ని లేపేసిన నేల ఎక్కడైనా ఒకేలా నిశ్శబ్దంగా ఉంటుంది. మా పాత ఊరి రావిచెట్టు నాన్నకు తప్ప ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మార్క్స్‌లో వీధంతా పెళ్లి బట్టల దుకాణాలు. అద్దాల వెనక తెల్లని, బంగారురంగు గౌన్లు. నడిపేది ఎక్కువగా టర్కీ మూలాలవాళ్లు. యూరప్ నలుమూలల నుంచీ పెళ్లి బృందాలు ఇక్కడికొచ్చి కొంటాయట. వీళ్ల తాతలు ఫర్నేసుల్లో పనికి వచ్చారు. టర్కీతో జర్మనీ కూలీల ఒప్పందం చేసుకున్నది 1961 అక్టోబరులో. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారంలో రాజకీయ నాయకుడు విల్లీ బ్రాంట్ రూర్ మీది ఆకాశం మళ్లీ నీలంగా మారాలని అన్నాడు. ఆ మాట చాలామందికి అప్పట్లో విడ్డూరంగా తోచిందట. పొగ వస్తేనే కదా జీతం వచ్చేది. టీ గ్లాసు పట్టుకొని కూర్చున్న నాకు ఆ రెండు సంగతులూ ఒకే ఏడాది జరిగాయన్నది ఎంతకీ మనసులోంచి పోలేదు. గాలి బాగుపడాలన్న కోరికా, ఆ గాలిలోకి పనికోసం నడిచొచ్చిన మనుషులూ.

అక్కడ కూర్చునే నేను ఫోనులో కాలిక్యులేటర్ తీశాను. ఏడాదిగా నన్ను తొలుస్తున్న లెక్క ఒకటుంది. సీబామ్ రూల్లో ఒక ముడి ఉంది. లోపలి ఫర్నేసుకు ఉచితంగా ఎన్ని పర్మిట్లు ఇస్తారో, బయటినుంచి వచ్చే ఉక్కుకు అదే కొలతలో మినహాయింపు ఇస్తారు. లేకపోతే తమవాళ్లకు ఉచితం, పరాయివాళ్లకు పన్ను అవుతుంది. కాబట్టి ఇక్కడ ఉచితం తగ్గేకొద్దీ మన సరుకు మీద భారం పెరుగుతుంది. త్రాసులో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. అంటే డ్యూస్‌బర్గ్‌కు గడువు పొడిగిస్తే మనకూ పొడిగించినట్టే. ఇక్కడి కంపెనీల అర్జీ మీద మన మిల్లులవాళ్లు కూడా సంతకం పెట్టొచ్చు! మా ఆఫీసులో మాత్రం యూరప్ తన ఉక్కును కాపాడుకోవడానికి మనల్ని కొడుతోందని మాట్లాడుకుంటాం. కొట్టడం వేరే చోట ఉంది. అదే అక్టోబరు మొదట్లో కమిషన్ ఉక్కు దిగుమతుల కోటాను దాదాపు సగానికి కోసి, పైదానికి 50 శాతం సుంకం వేయాలని ప్రతిపాదించింది. అది గోడ. కార్బన్ లెక్క గోడ కాదు, ఇద్దరికీ ఒకే తూకం.

మరి నేను సడలించమంటానా? నా జేబు సడలించమంటుంది. ఏడాదికి 50 టన్నుల లోపు తెచ్చుకునే చిన్న దిగుమతిదారులను సీబామ్ నుంచి వదిలేస్తూ అప్పుడే రూలు మార్చారు. అది నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. రెండు పెట్టెల బోల్టులు కొనేవాడు ఆ ఫారాలతో నలిగిపోవడం వల్ల ఎక్కడా ఒక కిలో పొగ తగ్గదు. అలాంటి చోట పట్టు సడలించాలి. కాని ఫర్నేసు విషయం వేరు. 2005 నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్లు ఉచితంగానే గడిచాయి. ఇరవై ఏళ్లంటే ఒక ఫర్నేసు లోపలి ఇటుకలు పూర్తిగా అరిగిపోయి, మళ్లీ కట్టుకునేంత కాలం. ఆ ఇటుకలు మార్చేటప్పుడే వేరే దారి పట్టే అవకాశం ఉంటుంది. అప్పుడు పట్టకపోతే ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు బొగ్గుతోనే.

దారి మార్చడం తేలికని నేననను. ఇక్కడే ఒకటికి పదిసార్లు ఆలోచించి బొగ్గు లేకుండా ఇనుము తీసే కొత్త ప్లాంటు మొదలుపెట్టారు. ఏడాదికి 25 లక్షల టన్నులది. ప్రభుత్వాలు 200 కోట్ల యూరోల దాకా ఇస్తామన్నాయి, యూరోపియన్ కమిషన్ 2023 జులైలో ఒప్పుకుంది. 2025 మార్చిలో హైడ్రోజన్ టెండరు ఆపేశారు, ధరలు అందనంత ఉన్నాయని. మొదట సహజవాయువుతో నడుపుతారట. సహజవాయువుతో నడిచినా బొగ్గుతో పోలిస్తే పొగ బాగా తగ్గుతుంది. అదే ఏడాది జూన్‌లో ఆర్సెలర్ మిట్టల్ సంస్థ బ్రెమెన్, ఐజెన్‌హ్యూటెన్‌స్టాట్ ఊళ్లలో అలాంటి ప్లాంట్లు కట్టబోమని చెప్పి, 130 కోట్ల యూరోల ప్రభుత్వ సాయాన్ని వదులుకుంది. కరెంటు ధర, హైడ్రోజన్ ధర, చైనా నుంచి పొంగుతున్న చవక ఉక్కు, అన్నీ నిజమైన కష్టాలే.

అందుకే గడువివ్వాలనే అంటాను. కాని కిళ్లీ కొట్టు దగ్గరి ఆయన చెప్పినట్టు, గడువుతోపాటు కాగితం కూడా ఉండాలి. ఏ నేల మీద, ఏ ఏడాదికి, ఏ ప్లాంటు కడతారో రాయాలి. కట్టినంత మేరకు ఉచిత పర్మిట్లు, కట్టకపోతే తిరిగి వసూలు. ఇది గాలిలోంచి పుట్టిన కోరిక కాదు. ఇంధన ఆడిట్‌లో చెప్పిన మార్పులు చేయని కర్మాగారానికి ఉచిత కోటాలో ఐదో వంతు కోసే రూలు ఇప్పటికే రాశారు. బొగ్గు మానేసి కొత్త పద్ధతికి మారినవాళ్లకు పాత ఫర్నేసు కొలబద్దతోనే పర్మిట్లు దక్కేలా కూడా మార్చారు. మారినవాడు నష్టపోకూడదని. ఆ దారినే ఇంకా ముందుకు పోవాలి. ధర మొత్తాన్నే కిందికి లాగేస్తే, ఇప్పటికే వందల కోట్లు పెట్టి కడుతున్నవాడు మోసపోతాడు. కట్టకుండా కూర్చున్నవాడు తెలివైనవాడవుతాడు.

మన సంగతీ అంతే. మన దేశంలో కట్టిన కార్బన్ ధరను సీబామ్ బిల్లులోంచి మినహాయిస్తారు. మనం మన దగ్గరే ధర పెట్టుకుంటే ఆ డబ్బు మన ఫర్నేసులు మార్చుకోవడానికి పనికొస్తుంది. పెట్టుకోకపోతే యూరప్ ఖజానాకు పోతుంది. 2023లో మన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై అయింది. నేను ఈ ప్రయాణం పెట్టుకున్న నెలలోనే సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమలకు తొలి లక్ష్యాలు వచ్చాయి. ఉక్కు వంతు వచ్చినప్పుడు సడలించమని మనవాళ్లూ అడుగుతారు. సొంత గనులు లేని కర్మాగారం, అప్పుల్లో ఉన్న కర్మాగారం అడగడంలో తప్పులేదు. 2025 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు మా వీధిలో స్వీట్లు పంచాం. ఆ డబ్బులో ఎంత భాగం రేపటి ఫర్నేసుకు పోతుందని మాలో ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు. కార్బన్ ఫారాలు నింపే నేనే అడగలేదు.

చీకటి పడబోతుండగా ఆల్జుమర్ బెర్గ్ ఎక్కాం. బెర్గ్ అంటే కొండే గాని దేవుడు పెట్టింది కాదు. యుద్ధంలో కూలిన ఇళ్ల శిథిలాలు పోసి చేసిన గుట్ట. అక్కడ ఆల్జుమ్ అనే చేపలవాళ్ల ఊరుండేది, అదీ లేదు. పైన ఒక శిలువ, రెండు బెంచీలు. ఒక పక్క రైన్ మీద బొగ్గు పడవలు దీపాలు వేసుకొని కదులుతున్నాయి. ఇంకో పక్క, కింద, ష్వెల్గెర్న్ కోక్ ప్లాంటు. బ్యాటరీ పొడవునా నారింజ వెలుగు. చూస్తుండగా ఒక చోట తలుపు తెరుచుకుంది. ఎర్రటి గోడలా కోక్ బయటికి జారి బండిలో పడింది. బండి కదిలి టవర్ కిందికి పోయింది. మరుక్షణం తెల్లటి ఆవిరి బుస్సుమని లేచి ఆకాశాన్ని కప్పేసింది. మా దాకా తేమ వాసన కొట్టింది.

అక్కడ ఏడు గంటలు. మన దగ్గర పదిన్నర. కార్తీకం మొదలైన రాత్రి, అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చే ఉంటుంది. వీడియో కాల్ చేశాను. నాన్న పడుకోలేదు. ఫోను కోక్ ప్లాంటు వైపు తిప్పాను.

కాసేపు ఏమీ అనలేదు. కళ్లద్దాలు తెచ్చుకున్న చప్పుడు వినబడింది.

"ఆ మబ్బేంట్రా? నీళ్లు పోస్తున్నారా ఇంకా?"

అవునన్నాను.

"మన దగ్గర మొదటినుంచీ నైట్రోజన్‌తోనే కదా చల్లార్చింది. ఆ వేడితో ఆవిరి తీసి టర్బైన్ తిప్పేవాళ్లం. ఇంత వేడి ఊరికే పైకి వదిలేస్తున్నారేం?" ఆయన గొంతులో గర్వం ఉంది, దానికంటే ఎక్కువగా ఆ పోతున్న వేడి మీద బాధ ఉంది. "అప్పుడు ప్లాంటు కట్టేటప్పుడే పెట్టారది. తర్వాతయితే ఎవడు పెడతాడు?"

మా మేనల్లుడు ఫోను వైపు వంగి "తాతయ్యా, ఇక్కడ ఓవెన్లు ఎనిమిది మీటర్ల పైనే ఎత్తు" అన్నాడు.

"మనవి ఏడు మీటర్లు. సరే గాని, ఎన్ని నిమిషాలకోసారి తోస్తున్నారు? ఆర్డర్లు బాగుంటే గబగబా తోస్తారు. లేకపోతే బొగ్గును లోపలే ఎక్కువసేపు ఉంచుతారు. దాన్నిబట్టి చెప్పేయొచ్చు ఎలా నడుస్తోందో."

చూడలేదన్నాను.

"చూడు. ఇంకోటి వచ్చేదాకా ఫోను అలాగే పట్టుకో."

మా మేనల్లుడు వాచీ చూసుకున్నాడు. నేను రెండు చేతులతో ఫోను పట్టుకొని బెంచీ మీద కూర్చున్నాను. తెరలో నాన్న ముఖం, తెర వెనక నారింజ వెలుగు. గాలి నది మీదినుంచి చల్లగా వీస్తోంది.